ఎనభై మీద నిలబడ్డ ముల్లు

మన రోడ్ల మంత్రిగారు ఒక గొప్ప ప్రకటన చేశారు. కొత్త రోడ్డు పూర్తయింది కాబట్టి, దాని మీద తానే స్వయంగా మోటారు సైకిల్ నడుపుతారట. స్పీడోమీటరుకు ఎదురుగా కెమెరా బిగిస్తారట. రోడ్డు అవతలి చివర జరిగే సభలో పెద్ద తెర పెడతారట. ముల్లు ఎనభై తాకడం జనం కళ్లారా చూడొచ్చట.

"నేను మాట్లాడను. ముల్లే మాట్లాడుతుంది!" అన్నారు. ఆ మాట చెప్పడానికి గంటసేపు మాట్లాడారు. నా ఇంత వయసులో ఎందరో మంత్రుల్ని చూశాను గానీ, తన మైకు ముల్లుకు ఇచ్చేసిన మహానుభావుణ్ణి మాత్రం ఈయన్నే చూశాను.

ఆ మోటారు సైకిల్ మా అల్లుడిది. మా మనవరాలు పుట్టకముందు నుంచీ అతను ఆ పార్టీకి జెండాలు కడుతున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఈ కార్యక్రమం సజావుగా జరిగితే మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి నీదేనని మంత్రిగారు అతని భుజం తట్టి చెప్పారు. తట్టిన ఆ చొక్కాను మా అమ్మాయి ఇంకా ఉతకలేదు.

తీరా చూస్తే బండికి స్పీడోమీటరే పనిచేయదు. బండి నిలబడినా సున్నా, పరిగెత్తినా సున్నా. మా వీధి మెకానిక్‌కి కబురు పెట్టాం. నాకు వరసకు తమ్ముడవుతాడు.

"ముందు చక్రం తిరిగితే ఈ కేబుల్ తిరగాలక్కా. కేబుల్ తిరిగితే ముల్లు లేవాలి. ఇదిగో, కేబుల్ తెగి కూర్చుంది," అని కొత్తది వేశాడు.

అల్లుడు కొత్త రోడ్డెక్కి వచ్చాడు. మీసాల దాకా దుమ్ము. బండికి ఒక అద్దం లేదు.

"ఎంత చూపించింది?" అని అడిగాడు మంత్రిగారి పీఏ. ఆయన రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని, మూడో మనిషితో మాట్లాడగల సమర్థుడు.

"పన్నెండు సార్."

"మీటరు మార్చండి."

మీటరు మార్చారు. పదకొండు చూపించింది. చక్రం దగ్గరుండే పళ్ల చక్రం మార్చారు. పది.

"ఆపేద్దాం సార్," అన్నాడు మెకానిక్. "బాగుచేసినకొద్దీ తగ్గుతోంది. ఇంకాస్త బాగుచేస్తే వెనక్కి నడుస్తుంది."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "సార్, మీటరు మంచిదేనేమో. రోడ్డు మీద..."

"రోడ్డు పూర్తయిందని జీవో ఉంది. మీటరు మంచిదని జీవో ఉందా?"

"లేదు సార్. కానీ గోతులు..."

"పొడవూ వెడల్పూ ఏ రోడ్డుకైనా ఉంటాయయ్యా. మన రోడ్డుకి లోతు కూడా ఇచ్చాం."

అల్లుడు నోరు మూసుకున్నాడు. చైర్మన్ కాబోయే లక్షణాలు అతనిలో ఉన్నాయని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

పీఏ మెకానిక్ వైపు తిరిగాడు. "ముల్లు లేవాలంటే బండి కదిలి తీరాలా?"

"బండెందుకు సార్? కేబుల్ తిరిగితే చాలు. డ్రిల్లింగ్ మిషన్‌కి తగిలించినా లేస్తుంది."

చదువంటే అదీ! రోడ్డు వేయడానికి ఏళ్లు పట్టింది. రోడ్డు అవసరం లేకుండా చేయడానికి ఆయనకు ఒక్క ప్రశ్న పట్టింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. మా హాల్లో సోఫా జరిపి బండి నిలబెట్టారు. కేబుల్ కొసను చక్రం నుంచి ఊడదీసి డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించారు. మంత్రిగారు పాత రోడ్డు మీదుగా కారులో వచ్చి, హెల్మెట్ పెట్టుకుని, మెడకు కండువా చుట్టుకుని బండెక్కారు. కిందికి చూశారు.

"ఇదేనా మన రోడ్డు?"

"హాలు సార్," అన్నాడు పీఏ.

"బాగుంది. చదునుగా ఉంది."

కెమెరా వెలిగింది. మెకానిక్ స్విచ్ నొక్కాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కరెంటు శాఖ వేరే మంత్రిగారిది. ఆయనకూ మనవారికీ పడదు.

ముల్లు సున్నా మీద పడుకుంది. కెమెరా బ్యాటరీది కావడంతో అవతల సభలో జనం ఆ సున్నాను కళ్లారా చూస్తున్నారు. పీఏ ఫోన్లు రెండింట్లోంచీ ఈలలు వినపడ్డాయి.

"అమ్మా, నీ కుట్టు మిషను!" అని అరిచింది మా అమ్మాయి.

మూలనున్న మిషన్ని లాక్కొచ్చారు. తమ్ముడు కేబుల్‌ని దాని పై చక్రానికి బిగించాడు.

"అత్తయ్యా, నా పదవి మీ కాళ్లలో ఉంది," అన్నాడు అల్లుడు.

తొక్కాను. ఇరవై. నలభై. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు కుట్టినప్పుడు కూడా అంత తొక్కలేదు. ఎనభై! మా అమ్మాయి అట్టముక్కతో విసురుతుంటే మంత్రిగారి కండువా రెపరెపలాడింది. మధ్యలో నా మోకాలు పట్టేసి ముల్లు అరవైకి దిగింది. మంత్రిగారు వెంటనే పక్కకు వంగి "మలుపు!" అన్నారు. ఆ సమయస్ఫూర్తి అందరికీ రాదు.

"టకటకమని వినపడుతోందే, అది మా ఇంజను! పాతదే గానీ గట్టిది!" అని మైకులో చెప్పారు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత ఆయన కారెక్కి, కొత్త రోడ్డు మీదుగా సభకు బయల్దేరారు. చేరేసరికి పొద్దుగుంకింది. అప్పటికి మాకు కరెంటు వచ్చింది కాబట్టి టీవీలో చూశాం.

"అంత వేగంగా బయల్దేరారు, ఇంత ఆలస్యమైందేమిటండీ?" అని విలేకరి అడిగాడు.

"వేగం పట్టలేక సభ దాటి వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి రావద్దూ?" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

ఆ వేదిక మీదే మా అల్లుణ్ణి చైర్మన్‌ని చేస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. దాన్ని ఒక మనిషికిచ్చి, మోటారు సైకిల్ మీద కొత్త రోడ్డు గుండానే మా ఇంటికి పంపించారు.

"ఎనభైలో వస్తున్నాడు. గేటు తీసి ఉంచండి," అని పీఏ ఫోన్ చేశాడు.

అల్లుడు గేటు తీసి నిలబడ్డాడు. అప్పుడు ఎండాకాలం. ఇప్పుడు వానలు పడుతున్నాయి. గేటు తీసే ఉంది. నిన్న మళ్లీ పీఏకి ఫోన్ చేశాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ముల్లు ఆయన కళ్లెదుటే ఉందట అత్తయ్యా. ఇప్పటికీ ఎనభైలోనే వస్తున్నాడట."

"మంచిదే కదా నాయనా. మరి మొహం అలా పెట్టావేం?"

"ఏం లేదు అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "ఫోన్లో ఆయన వెనకాల టకటకమని ఏదో చప్పుడు."