పుట్టపర్తి బస్సులో వమనసమరం

మేఘములు దారితప్పియైనను తొంగిచూడని అనంతపుర పీఠభూమియందు, మగ్గముల టకటకారావముతో మేల్కొను ధర్మవరపురమున, తరతరములుగా కడలినెరుగని పట్టునేతవంశమున జనించి, దూరతీరపు సముద్రయాన విశ్వవిద్యాలయమున నౌకావిద్య నభ్యసించుచున్న వీరకన్య అరుణజ్యోతి, సెలవుదినములలో ఒకనాటి ఉదయమున, తండ్రి నాగేశ్వరునితో గూడి పుట్టపర్తి బస్సునెక్కెను.

విశ్వవిద్యాలయమువారి శిక్షణనౌకపై సాగి, సాగరజలముల లోతును, లవణమును పరిశోధించు భాగ్యమామెకు లభించియుండెను. అడ్డు ఒక్కటే. పసినాటినుండి ఏ బస్సెక్కినను ఆమె తిన్నది కడుపులో నిలుచునది కాదు.

అంగడికి చేర్చవలసిన పట్టుచీరలమూటను ఒడిలో ప్రతిష్ఠించుకొని నాగేశ్వరుడు పలికెను:

"ఇనుకో పాపా. పుట్టపర్తి దాకా కక్కకుండా వచ్చినావా, ఓడెక్కు, నేను అడ్డం రాను. కక్కినావా, ఆ ఓడ మాట మల్లా ఎత్తగూడదు. బస్సుకే తట్టుకోలేనిదానివి, సముద్రంలో ఏం చేస్తావు?"

"సరే నాయనా. మాట మాటే."

అంతట రణమారంభమయ్యెను. తొలుత డీజిల్ ధూమము నాసికాదుర్గమును ముట్టడించెను. పిమ్మట ముందుసీటునందలి వ్యాపారస్థురాలు కన్యకమ్మ వెల్లుల్లికారపు దోసెపొట్లమును విప్పి, వెనుదిరిగి, "ఏం పాపా, మొగం అట్ల పాలిపోయిండాది? ఒక ముక్క తింటావా?" అనెను. ఆ దయార్ద్రవాక్యము గదాఘాతమువలె ఉదరమున తగిలెను. అరుణజ్యోతి తల అడ్డముగా నూపి, ఓడ ఊగునపుడు కదలనిదానిని చూడుమన్న గురూపదేశమును స్మరించి, దూరపు కొండపై దృష్టి నిలిపెను.

ఇంతలో గొర్రెలమంద అడ్డురాగా డ్రైవరు బస్సును ఎడమకు, కుడికి, మరల ఎడమకు త్రిప్పెను. కంఠద్వారమువరకు ఎగబ్రాకిన శత్రుసేనను ఆ ధీర గుటుక్కున మ్రింగెను.

ప్రక్కన మూలుగు వినవచ్చెను.

"పాపా... మూట పట్టుకో!"

చీరలను కుమార్తె ఒడిలో పడవైచి, కిటికీనుండి శిరస్సును వెలికి చాచి, నాగేశ్వరుడు తన సర్వస్వమును రహదారికి సమర్పించెను.

"ఏమప్పా, లారీ వస్తాండాది! తల లోపలికి, కక్కేది బయటికి!" అని కండక్టరు గర్జించెను.

అరుణజ్యోతి ఒకచేత మూటను, వేరొకచేత తండ్రినుదుటిని పట్టుకొనెను. "ఆ కొండ దిక్కు చూడు నాయనా. దాన్నే చూస్తాండు."

చూచెను. చాలసేపు చూచెను. ఊపిరి కుదుటపడెను. పుట్టపర్తి పొలిమేరలో తువాలుతో మూతి తుడుచుకొని, కూతురివంక చూడకయే అడిగెను:

"ఎప్పుడు పోవల్ల, ఆ ఓడకు?"

కావున సకలజనులారా, చెవియొగ్గి వినుడు! సప్తసాగరములు ఇంకను మిగిలియున్నవి గాని, ఆ దినమున, ఆ బస్టాండున, అరుణజ్యోతి పొద్దున తిన్న ఉగ్గాని ఆమె కడుపులోనే పదిలముగా నుండెను.