కొయ్యకాలికి మేజోడు

నౌరోజ్ పండక్కి ఇంకా పదిహేను రోజులుంది. ఆ ఉదయం ఉప్పు వేసిన పాల టీలో రొట్టె ముక్కలు నానబెట్టుకుంటూ సౌసన్ ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి రెండోది కూడా అల్లి తీరాలి.

ఈ మాట ఆమె పైకి అని ఉంటే ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వేది. మోకాళ్ళ దాకా వచ్చే రంగురంగుల ఊలు మేజోళ్ళు అల్లడంలో ఆ పామీరు లోయలో సౌసన్ చేతిని మించిన చెయ్యి లేదు. చిక్కల్లా ఒకటే. మొదటిది పూర్తయ్యేసరికి ఆమెకు దాని మీద మోజు తీరిపోయేది. రెండోది అచ్చం అలాగే అల్లాలంటే, చెప్పిన కథే మళ్ళీ చెప్పమన్నట్టుండేది. ఈలోగా ఇంకో పువ్వో, ఇంకో పొట్టేలు కొమ్మో కళ్ళ ముందు మెదిలేది. సూదుల మీదికి ఇంకో మొదటిది ఎక్కేది. అలా ఆమె పెట్టెలో ఒంటి మేజోళ్ళు నలభై మూడు పోగయ్యాయి. భర్త మమద్‌షో బతికినన్నాళ్ళూ ఒక కాలికి ఎరుపు, ఒక కాలికి పచ్చ వేసుకు తిరిగాడు. ఎవరైనా నవ్వితే, "కాళ్ళు రెండూ అన్నదమ్ములు. పోట్లాడుకోకుండా మా ఆవిడ ఎవరి వాటా వాళ్ళకి పంచింది" అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. కొడుకు అంతకు ముందే పనికని పరదేశం పోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అత్తా కోడళ్ళు ఇద్దరే.

ఇప్పుడు అల్లదలచుకున్నది అత్తగారికి. దౌలత్ బీబీకి ఈ పండక్కి ఎనభై నిండుతాయి. పోయిన చలికాలం పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని ఆమె ఒకసారి అంది. "నా పెళ్ళికి ఎర్ర మేజోళ్ళు లేవే. ఆ ఏడు ఎక్కడా ఎర్ర రంగు దొరకలేదు. బూడిద రంగువి వేసుకుని ఈ గడప తొక్కాను." అని నవ్వేసింది. సౌసన్ నవ్వలేదు. ఎండాకాలం రాగానే మూడు ఉండలకు సరిపడా ఊలు వడికి, ఎర్ర రంగు వేసి దాచింది.

దాచడం వరకూ బాగానే ఉంది. అల్లడం ఎక్కడ? పండగ ముందు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ బయట పెట్టి దులుపుతారు, సూది దాచుకునే చోటు కూడా మిగలదు. పైగా కొలత కావాలి. అత్తగారి పాదం కొలిస్తే గుట్టు రట్టవుతుంది. ఆవిడ పాదాలు చూస్తే కొండలెక్కి పెరిగిన మగవాడి పాదాలు. రెండేళ్ళ కింద ఎవరో పోయినచోట పరామర్శకు వెళ్ళి, గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు తారుమారై, ఖుష్‌కదమ్ అనే పొరుగాయన బూట్లు తొడుక్కుని వచ్చేసింది. రెండు రోజులు వాటితోనే తిరిగి, "ఈమధ్య ఎందుకో నా కాళ్ళకి హాయిగా ఉందే" అంది.

సౌసన్‌కు దారి అక్కడే దొరికింది.

ఖుష్‌కదమ్ మూడిళ్ళ అవతల ఉంటాడు. పాతికేళ్ళు లారీ తోలాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పేరుకు అర్థం మంచి అడుగు. కనుమ దారిలో మంచుపెళ్ళ విరిగిపడ్డాక ఆ అడుగుల్లో ఒకటే మిగిలింది. రెండోదాన్ని అక్రోటు కొయ్యతో, ఉన్నదానికి సరిజోడుగా, వేళ్ళతో సహా తనే చెక్కుకున్నాడు.

"ఖుష్‌కదమ్ గారూ, మీ కాలు కొంచెం అరువిస్తారా?" అంది సౌసన్ గుమ్మంలో నిలబడి.

"ఏది? నాదా, చెట్టుదా?"

"చెట్టుదే." పరాయి మగవాడి పాదం పట్టుకుని కొలవడం మర్యాద కాదు. కొయ్యకు ఆ పేచీ లేదు.

"పట్టుకెళ్ళండి. పొద్దుటి పూట నాకెక్కడికి పోయే పనుంది?"

"ఇంటికి తీసుకెళ్తే అత్తమ్మ ఊరుకుంటుందా? ఇక్కడే ఓ మూల కూర్చుని అల్లుకుంటాను. మీ రేడియో మీరు వినండి."

ఎవరూ ఏమీ అనుకోకూడదని రోజూ తలుపు బార్లా తెరిచి పెట్టింది. చలికి ఇద్దరూ గజగజ వణికారు గానీ తలుపు మాత్రం మూయలేదు. ఆమె మరచిపోయింది ఒక్కటే. ఆ ఊళ్ళో ఇళ్ళకు కప్పు నడుమ కూడా ఓ కిటికీ ఉంటుంది.

తొమ్మిదో రోజు పొద్దున్న పక్కింటి షకర్‌మో కప్పు మీది మంచు పారతో తోస్తూ తోస్తూ, అలవాటు కొద్దీ ఖుష్‌కదమ్ ఇంటి కప్పు కిటికీలోంచి కిందికి తొంగి చూసింది. కొయ్యకాలికి మోకాలి దాకా ఎర్ర మేజోడు తొడిగి ఉంది. దాని పక్కన సౌసన్ సూదుల మీద ఇంకో ఎర్ర మేజోడు, వేళ్ళ దగ్గర మొదలై అప్పుడే మడమ దాకా వచ్చింది.

షకర్‌మో చేతిలో పార జారి వీధిలో పడింది.

"రెండోది అల్లుతోందే!" అంది కుళాయి దగ్గర ఆడవాళ్ళతో, ఊపిరి అందక. "కట్టుకున్నవాడికి అల్లలేదు. కన్నకొడుక్కి అల్లలేదు. ఇప్పుడు రెండోది అల్లుతోంది!"

"ఏం రంగు?"

"ఎరుపు!"

పెళ్ళికి ఆడపిల్లవారు పెళ్ళికొడుక్కి ఎర్ర మేజోళ్ళు పెట్టడం అక్కడ అందరూ ఎరిగిందే. ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది. అయినా ఒకావిడకు అనుమానం వచ్చింది. "ఆయనకి ఒక్కటి చాలుగా?"

"అదేనే చెప్తున్నా!" షకర్‌మో కళ్ళు తుడుచుకుంది. "చలి వెయ్యని కాలికి కూడా అల్లుతోంది. దీన్ని ఇంకేమంటారు?"

ఏమనాలో అందరికీ తెలిసింది. సాయంత్రానికి ఖలీఫా చెవిన కూడా పడింది. ఊళ్ళో నికాలు చేయించే పెద్దమనిషి ఆయన. ఖుష్‌కదమ్‌ను దారిలో ఆపి, "పండక్కి ముందా, తర్వాతా?" అని అడిగాడు.

అప్పటికి ఖుష్‌కదమ్‌కు నలుగురి నోటా విషయం తెలిసింది. సౌసనే ఎవరితోనైనా అని ఉంటుందా అని ఆలోచించాడు. అని ఉంటే, నడివీధిలో ఆడమనిషి మాట కొట్టిపారేయడం తప్పు. అనకపోతే... ఆ రెండో సంగతి గురించి ఆయన ఎక్కువ ఆలోచించలేదు. చెవుల దాకా ఎర్రబడి, "ఆవిడ ఎలా అంటే అలా" అన్నాడు. ఇంటికి వెళ్ళి గడ్డం గీసుకున్నాడు.

మర్నాడు సౌసన్ ఇంటికి ముగ్గురు ఆడవాళ్ళు వేడి రొట్టెలతో వచ్చారు. "ముబారక్, వదినా!"

సౌసన్ సిగ్గుపడింది. రెండోది అల్లుతున్న సంగతి బయటపడిందన్నమాట. ఇంతకాలం ఆడిపోసుకున్న జనం రొట్టెలు తెచ్చారంటే, వాళ్ళకీ సంతోషమే కాబోలు. "అత్తమ్మకి మాత్రం చెప్పకండే. పండగ రోజు ఒక్కసారిగా ముందు పెడతాను" అంది.

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ఎనభై ఏళ్ళ ముసలిదాని ముందు, పండగ పూట, చెప్పాపెట్టకుండా పెళ్ళికొడుకుని తెచ్చి నిలబెడుతుందా! గుండె ఆగిపోదూ? ఆ మధ్యాహ్నమే వెళ్ళి దౌలత్ బీబీకి చెప్పేశారు, నెమ్మదిగా, ఆవిడ మంచి కోరి.

దౌలత్ బీబీ అంతా విని, "మంచివాడే" అంది.

ఆ రోజు నుంచీ సౌసన్‌కు మూడో ఎర్ర ఉండ కనబడలేదు. ఎలుక ఈడ్చుకుపోయిందనుకుంది. మేకను అనుమానించింది. చివరికి షకర్‌మోను కూడా అనుమానించింది. పండగ ముందురోజు పొద్దున్నకి రెండో మేజోడు నాలుగు వేళ్ళు తక్కువలో ఆగిపోయింది. "ఊలు వెతికి వస్తాను" అని, అల్లికను ఖుష్‌కదమ్ చేతిలో పెట్టి ఇంటికి పరుగెత్తింది.

సామానంతా వాకిట్లో ఉంది. దానితోపాటు, తమది కాని ఒక పొట్టేలు గుంజకు కట్టేసి, చీపురు నములుతోంది. దాని పక్కన ఖుష్‌కదమ్ చెల్లెలు అక్కడ పెళ్ళికూతురికి పెట్టే ఆరు మీటర్ల తెల్ల బట్ట ఒళ్ళో పెట్టుకుని చిరునవ్వుతో కూర్చుంది. వీధిలో ఖొరోగ్ వెళ్ళే జీపు హారన్ కొడుతోంది. దౌలత్ బీబీ కోటు తొడుక్కుని, తలగుడ్డ బిగించుకుని, మూట మీద కూర్చుని ఉంది.

"అత్తమ్మా! ఎక్కడికి?"

"నా చిన్నకొడుకు దగ్గరికి. పట్నంలో కుళాయి తిప్పితే వేడినీళ్ళొస్తాయట."

"పండగ పూటా? నన్నొదిలేసా?"

"నిన్నెందుకు వదులుతానే. నీకు అడ్డం తొలగుతున్నాను. కొత్తగా వచ్చే మనిషికి పాత అత్తగారు ఎదురుగా కూర్చుని దగ్గుతుంటే ఏం బాగుంటుంది? నా కొడుకు పోయాక నువ్వు వెళ్ళిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆరేళ్ళు నా టీలో వెన్న వేస్తూ ఉండిపోయావు. ఇక చాలు."

సౌసన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మూట ముడిలోంచి ఎర్ర దారం ఒకటి జానెడు వేలాడుతూ కనిపించింది. అది మాత్రం అర్థమైంది.

"నా ఊలు!" అంటూ పట్టి లాగింది. దారం కాదు, దాని వెనక మేజోడు మొత్తం వచ్చింది. మోకాలి దాకా, ఎర్రగా, కుట్లు కొంచెం వంకరగా.

"లాగకే, ఊడుతుంది!" దౌలత్ బీబీ గదిమింది. "ఇంకా కొస ముడి వెయ్యలేదు. నువ్వు రోజూ అక్కడికి పోయినప్పుడల్లా కూర్చుని అల్లాను. రెండోది నువ్వెటూ పూర్తి చెయ్యవు. రేపు పదిమందిలో పెళ్ళికొడుకు ముందు ఒక్కటి పెట్టి నవ్వులపాలవుతావని..."

"ఏ పెళ్ళికొడుకు?"

సరిగ్గా అప్పుడే, జీపు హారన్ విని కంగారుపడ్డ ఖుష్‌కదమ్ కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, ఉతికిన టోపీ, చేతిలో సూదులతో సహా పూర్తికాని మేజోడు. తొందరలో కొయ్యకాలు ఉన్నదున్నట్టే తగిలించుకున్నాడు. దానికి ఎర్ర మేజోడు అలాగే ఉంది. ప్రహరీ మీద తలలు వరసగా లేచాయి.

"చూశారా!" అంది షకర్‌మో తల.

సౌసన్ ఆ కాలు చూసింది, పొట్టేలును చూసింది, తెల్ల బట్ట చూసింది. ముబారక్‌లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆమె మొహం ఊలు కంటే ఎర్రబడింది.

"అత్తమ్మా, అవి మీకు" అంది. "మీ పెళ్ళికి ఎర్రవి లేవన్నారుగా. పాదం కొలవడానికి ఈయన కాలు అరువు తీసుకున్నాను. అంతే. నేను ఎక్కడికీ పోవడం లేదు."

పొట్టేలు నమలడం ఆపింది. ఖుష్‌కదమ్ నేల చూస్తూ మెట్టు మీద కూర్చున్నాడు. కొయ్యకాలి మేజోడు మెల్లిగా ఊడదీసి, ముడతలు సరిచేసి, పూర్తికానిదానితో కలిపి దౌలత్ బీబీ పాదాల దగ్గర పెట్టాడు. "సౌసన్ గారు చెప్పిందే నిజం, పెద్దమ్మా. తప్పు నాది. జనం అంటుంటే కాదనలేదు." ఆగి, చిన్నగా అన్నాడు. "వినడానికి బాగుండింది."

దౌలత్ బీబీ బూట్లు విప్పి ఎర్ర మేజోళ్ళు తొడుక్కుంది. ఒకటి మోకాలి దాకా వచ్చింది, ఒకటి నాలుగు వేళ్ళు కిందే ఆగింది. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"ఇదిగో డ్రైవరబ్బాయ్, నువ్వెళ్ళు!" అని వీధి వైపు కేకేసింది. తర్వాత తను అల్లిన మేజోడు ఖుష్‌కదమ్ ఒళ్ళో పడేసింది. "ఒక్కటే ఉంది. నీకు ఒక్కటి చాలుగా."

"చాలు పెద్దమ్మా. ఎక్కువే."

"మరి పొట్టేలూ?" అంది చెల్లెలు నీరసంగా. "బట్టా?"

"ఉండనీ" అంది దౌలత్ బీబీ. "వచ్చినదాన్ని వెనక్కి తోలడం ఏం మర్యాద? నేనీ ఇల్లు కదలను. కావలసినవాళ్ళే ఇక్కడికి వస్తారు. టీకి రా అబ్బాయ్, రేపు పొద్దున్న. తలుపు మూసుకునే తాగుదాం, చలి చంపేస్తోంది."

ఖుష్‌కదమ్ సౌసన్ వైపు చూశాడు. సౌసన్ పొట్టేలు నోట్లోంచి చీపురు లాగుతోంది. "టీలో వెన్న ఎక్కువ వేస్తాను. మీకు పడుతుందా?" అంది, అటు తిరక్కుండానే.

"పడుతుంది" అన్నాడు ఆయన.

కొయ్యకు చలి వేయదని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సాయంత్రం సౌసన్ దానికోసం రెండోది మొదలుపెట్టింది.