వెనక్కి తిరిగిన గాలిమూతి

"ఇకమీదట ఊపిరి తీసుకోని బండికి మన సంఘంలో చోటు లేదు!"

పికప్ బండ్ల యజమానుల సంఘం అధ్యక్షుడు ఈ మాట అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఎందుకంటే సంఘంలోని అరవై బండ్ల బానెట్ల మీద, ఇంజనుకు గాలి పీల్చి పెడతామన్నట్టు నోళ్లు తెరుచుకు కూర్చున్న గాలిమూతులన్నీ నా రేకుల షెడ్డులో పుట్టినవే. వాటిలో ఒక్కదాని కింద కూడా కన్నం లేదు! బానెట్ మీద రెండువైపులా అంటుకునే టేపు, టేపు మీద మూతి, మూతి మీద నల్లరంగు. తన నెత్తిన అలాంటిదొకటి ఉందన్న సంగతే పాపం ఇంజనుకు తెలియదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, కొండ మీద ఆసుపత్రి కడుతున్నారు. సిమెంటు మోసే పని మా సంఘానికి వచ్చింది. ఎక్కుడులో బండ్లు ఆయాసపడి ఆగిపోతున్నాయని కట్టేవాళ్లు గోలపెట్టారు. అందుకని, బయటి చల్లగాలిని నేరుగా ఇంజనుకు అందించే 'పనిచేయు గాలిమూతి' ఉన్న బండికే కొండ టోకెన్ ఇవ్వాలని తీర్మానం. వారంలో తనిఖీ.

సంఘంలో మా బావ బండి ఒక్కదానికే అసలు మూతి లేదు. బావంటే మా అక్క భర్త. నెల రోజులుగా బేరాల్లేక ఖాళీగా ఉన్నాడు. ఈ టోకెన్ కూడా రాకపోతే బండి అమ్ముకోవాల్సిందే. మీటింగు నుంచి తిన్నగా నా షెడ్డుకే వచ్చాడు.

"ఏరా బావమరిదీ, అధ్యక్షుడి బండికి పెట్టావు చూడు, సొరచేప నోరులాంటిది, అలాంటిదొకటి నాకూ అంటించు."

"అంటిస్తే బండి కొండెక్కుతుందా?" అంది వెనకాలే వచ్చిన మా అక్క. "తమ్ముడూ, ఇరవయ్యేళ్ల నుంచి రేకులు కొడుతున్నావు. నిజంగా గాలి పీల్చేది ఒక్కటి చెయ్యగలవా, లేదా?"

ఆ మాట గట్టిగానే తగిలింది. సిగ్గేసింది కూడా. చేస్తానన్నాను.

ముందు గాలి ఎటు పోతోందో చూడాలి కదా! బానెట్ నిండా జానెడేసి దారం ముక్కలు అంటించాను. అక్క స్టీరింగు పట్టుకుంది. నేనూ బావా చెరో కిటికీలోంచి తలలు బయటపెట్టాం. బండికి జుట్టు మొలిచిందేమిటని దారిన పోయేవాళ్లు నిలబడి మరీ చూశారు. బానెట్ నడుమ దారాలు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. అంటే అక్కడ గాలి ఆగకుండా జారిపోతోంది. ముందు అద్దం మొదట్లో మాత్రం లేచి, గిరగిరా తిరిగి, ముందుకు వాలాయి! అంటే గాలి అద్దానికి గుద్దుకుని అక్కడ పోగుపడుతోంది.

"మూతి అద్దం దగ్గర పెట్టాలి బావా. నోరు అద్దం వైపు ఉండాలి."

"వెనక్కా! ఊళ్లో బండ్లన్నీ ముందుకు నోరు తెరిస్తే, నాదొక్కటే అలిగినట్టు మొహం తిప్పుకోవాలా? నా పరువేం కావాలిరా?"

"పరువు సంగతి కొండెక్కాక చూసుకుందురుగాని," అంది అక్క.

నేను బానెట్ కోస్తుంటే బావ కళ్లు మూసుకున్నాడు. కన్నం చుట్టూ రబ్బరు పట్టీ వేశాను. కింద ఎయిర్ ఫిల్టర్ డబ్బాదాకా బిగువుగా గొట్టం, ఎండుటాకులు పోకుండా జాలీ, వాననీళ్లు బయటికి పోయేందుకు చిన్న తూము. చూడ్డానికి బోర్లించిన మూకుడులా ఉంది, నిజమే. కానీ అదివరకు ఊరి బయటి ఎక్కుడులో ఫస్ట్ గేరులో మూలిగిన బండి నిండు బరువుతో అదే ఎక్కుడు సెకండ్ గేరులో ఎక్కేసింది! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నా చేతుల మీదుగా పోయిన మూతుల్లో మొదటిసారి ఒకటి గాలి పీల్చింది.

తనిఖీ రోజు మైదానంలో అధ్యక్షుడు, కార్యదర్శి, సాంకేతిక సలహాదారు బల్ల వేసుకు కూర్చున్నారు. సలహాదారుకు సీటు కవర్ల కొట్టుంది. ఫారంలో మూడు గడులు: నోటి వెడల్పు, నోటి దిశ, మెరుపు. పిడికిలి పట్టిందా, ముందుకు చూస్తోందా, తళతళలాడుతోందా, అయితే ఠప్పున ముద్ర! 'పనిచేయుచున్నది.' గంటలో అరవై బండ్లకూ ముద్రలు పడిపోయాయి.

మా బావ బండి దగ్గరికొచ్చేసరికి సలహాదారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇది తిరగేసి బిగించారు."

"కాదండీ," అన్నాను. "గాలి అద్దానికి కొట్టుకుని అక్కడే ఆగుతుంది."

"ఆగుతున్నానని నీకొచ్చి చెప్పిందా?"

కమిటీ నవ్వింది. కమిటీ నవ్వింది కాబట్టి సంఘమంతా నవ్వింది. ముద్ర పడింది: 'కేవలము అలంకారము. టోకెను నిరాకరించడమైనది.'

మా అక్క ఊరుకుంటుందా! "అన్ని బానెట్లూ ఎత్తండి! ఎవరిది అలంకారమో కిందనున్న కన్నమే చెబుతుంది!"

అరవై మందీ నావైపు చూశారు. అరవై మందీ నా షెడ్డుకు పని తెచ్చేవాళ్లే. నేను నోరు తెరిచి, ఆకాశం వైపు చూసి, వాన పడేట్టుందే అన్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"అమ్మా, బానెట్ ఎత్తాలని నిబంధనల్లో ఎక్కడా లేదు," అన్నాడు కార్యదర్శి, ఫారం వెనకవైపు కూడా తిప్పి చూపిస్తూ.

సోమవారం అరవై బండ్లూ సిమెంటు బస్తాలతో కొండకు బయల్దేరాయి. పదింటికి అధ్యక్షుడి నుంచి నాకు ఫోను.

"మీ బావ ఖాళీగానే ఉన్నాడా?"

"మీ దయవల్ల ఖాళీయే."

"అయితే తాడు పట్టుకుని రమ్మను. రెండో మలుపు దగ్గరున్నాం. అందరం."

బావ వెళ్లాడు. మొదట అధ్యక్షుడి బండికి తాడు కట్టి లాగాడు, తర్వాత కార్యదర్శిది, తర్వాత మిగతావి. చివరిది పైకి చేరేసరికి పొద్దు వాలింది. వెనక్కి తిరిగిన ఆ మూతిని అధ్యక్షుడు పొద్దుటినుంచీ తదేకంగా చూస్తూనే ఉన్నాడట.

మర్నాడు నా షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి.

"లోతుగా అధ్యయనం చేశాం," అన్నాడు అధ్యక్షుడు. "మూతి వెనక్కే తిరిగి ఉండాలి. ఏకగ్రీవ తీర్మానం!"

నాకు ప్రాణం లేచొచ్చింది. కోసే మిషను చేతిలోకి తీసుకుని, "కన్నం ఎంత పెట్టమంటారు?" అన్నాను.

"కన్నమా!" ఆయన బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "లక్షణమైన బండికి కన్నం పెడతావా? ఊడదీసి, వెనక్కి తిప్పి అంటించు చాలు!"

"మరి మా బావ టోకెన్?"

"ఇవ్వకపోతే ఎలాగయ్యా? ఆయన లేకపోతే మా గతేంటి?"

టేపు అందుకున్నాను. మూడు రోజులు వంచిన తల ఎత్తకుండా అంటించాను. నాలుగో రోజు టోకెన్ వచ్చింది. అక్క దాన్ని నా ఎదుట నిలబడి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ పైకి చదివింది:

'గాలిమూతి: కేవలము అలంకారము. విధి: పనిచేయు గాలిమూతులు గల అరవై వాహనములను ప్రతిదినము తాడుతో లాగి కొండ ఎక్కించుట.'