ఆదర్శ పాదచారి

పెట్రోలు ధర పెరగడం ప్రజల ఆరోగ్యం కోసమేనని రవాణా మంత్రిగారు ప్రకటించినప్పుడు ఆ మాటలోని లోతు చాలామందికి అందలేదు. మంత్రిగారు విసుక్కోకుండా విడమరచి చెప్పారు. ధర పెరిగితే కారు ఆగుతుంది. కారు ఆగితే మనిషి నడుస్తాడు. నడిస్తే గుండె గట్టిపడుతుంది. గుండె గట్టిపడ్డవాడు ధర ఇంకా పెరిగినా తట్టుకుంటాడు. ఇంత దూరం ఆలోచించే నాయకుడు దొరకడం మన అదృష్టమని పత్రికలవాళ్ళు రాసుకున్నారు. సమావేశం అయ్యాక మంత్రిగారు రోడ్డుకి అవతలున్న భోజనాల హాలుకి కారులో వెళ్ళారు. సీటు చల్లగా ఉండాలని డ్రైవరు ఉపన్యాసం మొదలైనప్పటి నుంచీ ఇంజను ఆపలేదు.

ఉద్యమం అన్నాక జనానికి చూపించడానికి ఒక మనిషి కావాలి. నడిచే మనిషిని వెతికి పట్టుకురమ్మని శాఖలోని ప్రచార అధికారిని పురమాయించారు. ఆయన జీపేసుకుని ఊరంతా గాలించి, చివరికి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఒకాయన్ని పట్టుకున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనే పిలుస్తారు. ఫ్రేముకి సరిపోయేలా అద్దం అంచు అరగదీయడం ఆయన పని. ఊరి చివరి కాలనీ నుంచి దుకాణానికి రోజూ నడిచి రావడంతో చెప్పులు కూడా అదే పద్ధతిలో అరుగుతున్నాయి.

"రోజూ నడిచే వస్తారటగా. ఎందుకని?" అని అడిగాడు అధికారి.

"మా కాలనీ బస్సు తీసేశారండి. డీజిలు ఖర్చు కూడా రావడం లేదన్నారు."

"అంటే మనస్ఫూర్తిగానే నడుస్తున్నారు."

"బస్సు ఉంటే ఎక్కేవాణ్ణేనండి."

"వినయం కూడా ఉంది," అని రాసుకున్నాడు అధికారి.

అద్దాలాయన ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. ఆయన భార్యకు మోకాలు పట్టేసింది. పెద్దాసుపత్రికి వారం వారం వచ్చి చికిత్స చేయించుకోకపోతే ఆ కాలు ఇక వంగదని డాక్టరు తేల్చి చెప్పాడు. బస్సు పోయాక ఆవిడ ఆసుపత్రికి వెళ్ళడం మానేసింది. ఆటోవాళ్ళు చెప్పే బేరం వింటే మోకాలి సంగతి మరిచిపోయి గుండె పట్టుకోవాల్సి వస్తోంది. మంత్రిగారి పక్కన నిలబడే యోగం పట్టింది కాబట్టి వీలు చూసుకుని బస్సు అడగాలని ఆయన ఆశ. పెళ్ళాం మళ్ళీ తన కాళ్ళమీద తను తిరగాలి. అంతకు మించి ఆయనకు ఏ కోరికా లేదు.

ఆయనకు ఆదర్శ పాదచారి అని బిరుదిచ్చారు. శాలువా కప్పారు. సభలకు రావడానికి కారిచ్చారు. కారు సభా స్థలానికి కాస్త ఇవతల ఆగుతుంది. అక్కడ దిగి, కెమెరాల ముందు చేతులూపుతూ వేదిక దాకా నడవాలి. మైకు ముందు "నడకే నా ఊపిరి" అనాలి. మళ్ళీ కారెక్కాలి. కొన్నాళ్ళకు దుకాణానికి కూడా కారులోనే వెళ్ళాలని ఉత్తర్వు వచ్చింది.

"అలవాటైన దారేనండి, నడుస్తాను," అన్నాడు అద్దాలాయన.

"దారిలో కాలు బెణికితే ఎవరు జవాబు చెప్పాలి? ఇప్పుడది మీ కాలు కాదు, శాఖ కాలు," అన్నాడు అధికారి.

దాంతో ఆదర్శ పాదచారికి నడక తప్పింది, పొట్ట వచ్చింది. వేదిక మెట్లెక్కేసరికి రొప్పు వచ్చి, "నడకే నా" అన్నాక ఊపిరి కోసం ఆగాల్సి వచ్చేది. ఆ విరామంలో భావోద్వేగం పలికిందని పత్రికలు మెచ్చుకున్నాయి.

పొద్దున్నే కారొచ్చి గుమ్మం ముందు గుర్రుమంటూ నిలబడితే ఆయన భార్య కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చునేది. చూడలేక ఒకరోజు ఆయన డ్రైవరుని బతిమాలాడు. "బాబూ, మా ఆవిణ్ణి ఒక్కసారి ఆసుపత్రిలో దింపుదామా?"

"కుటుంబ సభ్యుల్ని ఎక్కించకూడదు సార్. రూలు."

"నిన్న అధికారిగారి కుక్కని ఎక్కించావుగా?"

"అది కుటుంబ సభ్యుల కిందికి రాదు సార్. అడిగే ఎక్కించాను."

ఆఖరికి ఒక సభకు వెళ్తూ మంత్రిగారు ఆయన్ని తన కారులో పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ముందు రెండు కార్లు, వెనక చాలా కార్లు. దారి పొడుగునా ఆపేసిన వాహనాలు నిలుచున్నచోటే పొగ కక్కుతున్నాయి. అద్దాలాయన గుండె దిటవు చేసుకున్నాడు.

"సార్, మా కాలనీకి బస్సు మళ్ళీ వేయిస్తే..."

"బస్సు వేస్తే మీరు ఎక్కుతారు. మీరు ఎక్కితే ఉద్యమం ఏం కావాలి?"

"నేను ఎక్కనండి. మా ఆవిడ ఎక్కుతుంది."

"ఆదర్శ పాదచారి భార్య బస్సెక్కిందని ప్రతిపక్షంవాళ్ళు బొమ్మలేసి పంచుతారు. ఆలోచించండి."

అద్దాలాయన ఆలోచించాడు. ఆలోచన తెగేలోపే సభాస్థలం వచ్చింది.

"అడిగారా?" అంది భార్య, ఇంటికి రాగానే.

"అడిగాను."

"ఏమన్నారు?"

"ఆలోచించమన్నారు."

"ఎవర్ని?"

"నన్నే."

ఆవిడ మోకాలికి వేన్నీళ్ళ కాపడం పెట్టుకుంటూ ఉండిపోయింది.

తర్వాతి సభ మైదానంలో పెట్టారు. వేదిక మీద కూర్చున్న అద్దాలాయన తన కళ్ళను తనే నమ్మలేకపోయాడు. వాళ్ళ కాలనీ బస్సు, అద్దం మీద పాత బోర్డుతో సహా, మైదానంలోకి వచ్చి ఆగింది. అందులోంచి కాలనీవాళ్ళు బిలబిలమంటూ దిగారు. అందరికంటే చివర, కడ్డీ పట్టుకుని, ఆయన భార్య దిగింది. నడక గురించి చెబితే వినడానికి నడిచి వచ్చే జనం లేకపోవడంతో, షెడ్డులో ఖాళీగా పడున్న బస్సుల్ని శాఖవాళ్ళే తీసి ఊరిమీదికి పంపారట.

సభ ముగిశాక ఆవిడ ఆయన చెవిలో చెప్పింది. "ఏమండీ, మీటింగు ఎక్కడ పెడితే అక్కడికి బస్సు వేస్తారట. ఆసుపత్రి ముందు పెట్టించకూడదూ?"

ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆవిడ తెలివి మీద ఆయనకు ఎన్నడూ అనుమానం లేదు. ఆ సాయంత్రమే అధికారిని కలిసి, రోగులకు నడక మీద అవగాహన చాలా తక్కువని బాధపడ్డాడు. అధికారికి కూడా బాధ కలిగింది. ఇక వారం వారం ఆసుపత్రి ముందు సభ. బస్సు రావడం, కాలనీ దిగడం, ఉపన్యాసం మొదలవగానే సగం మంది ఆసుపత్రిలోకి జారుకోవడం, ముగిసేసరికి మందుల సంచులతో వచ్చి చప్పట్లు కొట్టడం. ముసలాళ్ళకు కళ్ళ పరీక్షలయ్యాయి. గర్భిణులకు మాత్రలందాయి. ఆవిడ మోకాలు కొద్దిగా వంగడం మొదలెట్టింది. ఒకనాడు తనంతట తాను లేచి గుమ్మం దాకా వచ్చి ఆయన్ని సాగనంపింది. కారులో కూర్చుని అద్దాలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ప్రతి వారం పెరుగుతున్న జనాన్ని చూసి మంత్రిగారు కదిలిపోయారు. ఆ వారం మైకు ముందు ఆయన గొంతు నిజంగానే వణికింది.

"నడక కోసం ఇంత తపించే ప్రజల్ని నేనెక్కడా చూళ్ళేదు. ఇలాంటివాళ్ళని బస్సులో తేవడం వాళ్ళని అవమానించడం. ఆ తప్పు ఇక జరగదు. ఈ క్షణం నుంచే ఈ బస్సు రద్దు చేస్తున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకే తీసుకొచ్చారు కాబట్టి అలవాటుగా చేతులు కలిశాయి. మాట అర్థమయ్యేసరికి బస్సు ఖాళీగా షెడ్డుకి బయల్దేరింది. అప్పుడే ఆసుపత్రి మెట్లు దిగుతున్న ఆయన భార్య అది మలుపు తిరగడం చూసి అక్కడే ఆగిపోయింది.

డ్రైవరు కారు తలుపు తీశాడు. "ఎక్కండి సార్."

"ఆవిడ?"

"రూలు తెలుసుగా సార్."

అద్దాలాయన ఎక్కకుండానే కారు తలుపు తనే మూసేశాడు. శాలువా తీసి చంకన పెట్టుకుని భార్య చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరూ అడుగులో అడుగేసుకుంటూ కాలనీ వైపు బయల్దేరారు. ఆదర్శ పాదచారిని వదిలి వెళ్ళే అధికారం లేక కారు వాళ్ళ వెనకే, ఏసీతో సహా, పాకుతూ వచ్చింది. కాలనీ ఇంకా కనుచూపు మేరలో లేదనగా ఆవిడ మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగబట్టింది. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్లు ఎదురొచ్చారు.

మర్నాడు పత్రికలో మొదటి పేజీ నిండా వాళ్ళ బొమ్మే. "చిరునవ్వులతో ఆదర్శ దంపతులు. ధరల పెంపునకు విశేష స్పందన." పెట్రోలు మళ్ళీ పెరిగిన వార్తకు పక్కన చోటు చాలక, లోపలి పేజీలో వేశారు.

మంచం మీద కాలు చాపుకుని ఆవిడ పేపరు దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టుకుని చూసింది.

"ఏమండీ, ఇందులో నేను నవ్వుతున్నానా, ఏడుస్తున్నానా?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"నవ్వుతున్నావనే రాశారే," అన్నాడు.