ఐదడుగుల రిజిస్టరు

చింతగొండ్ల ఈతకొలనులో చుక్క నీరు లేకపోయినా, రిజిస్టరులో రాసిన ఐదడుగుల నీటి మీద ఈది నాగవేణి మూడుసార్లు రాష్ట్ర ఛాంపియన్ అయింది. దీన్ని ఎవరూ కాదనరు. ఆ రిజిస్టరు రాసే ఇన్‌చార్జి తిప్పేరుద్ర ఒకే ఒక్క డిటో దగ్గర చేసిన అన్యాయాన్ని మాత్రం ఆమె తండ్రి వన్నూరప్ప మరిచిపోలేదు. మబ్బు పట్టిందంటే ఆ పిల్ల మోచెయ్యి ఇప్పటికీ సలుపుతుంది. తప్పు తనదని తిప్పేరుద్ర ఇప్పటికీ ఒప్పుకోలేదు.

కొలను పొడవు ఇరవై ఐదు మీటర్లు. ఆరు లేన్లు, నీలం పలకలు. పైపులైను రెండో దశలో వస్తుందని చెప్పి మొదటి దశలోనే ప్రారంభోత్సవం చేశారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి పళ్ళెంలోని బంతిపూలు లోపలికి చల్లాడు. పూలు అడుక్కి పోలేదు. నేలకు ఐదడుగుల ఎత్తున ఆగి, మెల్లగా గట్టు వైపు జరిగాయి. ఆ పొద్దున్నే తిప్పేరుద్ర రిజిస్టరులో 'నీటి లోతు' అన్న గడిలో ఐదడుగులని రాసి సంతకం చేసి ఉన్నాడు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, ఉగ్గాని తిని వెళ్ళిపోయారు.

మరునాడు కాలనీ ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ముంచి ఎత్తితే బిందెలు ఖాళీగానే పైకొచ్చాయి. తిప్పేరుద్ర రిజిస్టరు అట్ట తిప్పి చూపించాడు. క్రీడా అవసరాలకు మాత్రమే అని అచ్చులో ఉంది.

"ఆ మాట నిన్ననే చెప్పింటే ఇంత దూరం బిందెలు మోసుకొస్తుంటిమా సార్" అని వాళ్ళు తిరిగి వెళ్ళి ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడ్డారు.

కొలను గోడకు ఆనుకునే వన్నూరప్ప వేరుశనగ చేను ఉంది. ఆరో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి కాబట్టి కాగితం మీద రాసిందంటే అతనికి భయమూ ఉంది, నమ్మకమూ ఉంది. నాగవేణికి తొమ్మిదేళ్ళున్నప్పుడు మేకపిల్లను తరుముకుంటూ పోయి కొలను గట్టు దాటింది. పిల్లలకు ఈత నేర్పుతున్నట్టు చూపడానికి బడి హాజరుపట్టీలోని పేర్లన్నీ తిప్పేరుద్ర అప్పటికే రిజిస్టరులో ఎక్కించి ఉన్నాడు. మేక పేరు అందులో లేదు గనుక అది అడుగున పడింది. నాగవేణి తేలింది.

ఆమెకు ఎవరూ నేర్పలేదు. రోజూ పొద్దున బడికి ముందు నలభై సార్లు ఆ కొసకూ ఈ కొసకూ ఈదేది. వన్నూరప్ప పేరు కూడా రిజిస్టరులో లేదు కాబట్టి అతను చీపురు పట్టుకుని కొలను అడుగున నడుస్తూ ఆకులూ ఇసకా ఊడ్చేవాడు. తల ఎత్తితే కూతురు కడుపు కనిపించేది. ఆమె నీడ అతని భుజాల మీదుగా పోయి గోడ తాకి, మళ్ళీ వెనక్కి వచ్చేది. ఆ ఐదేళ్ళూ ఆ పనికి అతన్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు.

పధ్నాలుగో ఏట రాష్ట్ర పోటీలకు పేరొచ్చింది. నగరంలోని కొలనులో నిజం నీళ్ళున్నాయి. వాటిలోకి దిగి చూసి ఆమె గట్టు మీద కూర్చున్న తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఈడ నీళ్ళు తడిగా ఉండాయి."

"తడిగా ఉంటే ఏమాయెమ్మా?"

"అడ్డం వస్తాండాయి."

"అడ్డమొస్తే పక్కకు తొయ్యి."

ఆమె తోసింది. వంద మీటర్ల ఫ్రీస్టైల్ ఒక నిమిషం రెండు సెకన్లలో ముగించింది. రెండో పిల్ల గోడ తాకేసరికి నాగవేణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు వన్నూరప్ప పతకం కంటే ముందు ఆమె తడి జుట్టును పక్కసీటాయనకు చూపించాడు. తన బిడ్డ జుట్టు ఈత వల్ల తడవడం అతనికి అదే మొదటిసారి.

ఊళ్ళో టీ హోటలు దగ్గర ఒకాయన నవ్వాడు. "ఏమప్పా వన్నూరప్పా, మీ పాప గాలి మింగి గెలిచిందంటనే."

"అవునప్పా. మీవోడు నీళ్ళు తాగి యాడ గెలిచినాడో చెప్పు, విందాం."

ఆ తర్వాత రెండేళ్ళూ పతకాలు వరసగా వచ్చాయి. మూడోది వచ్చిన నెలకే డిటో జరిగింది.

తిప్పేరుద్రకు ఒక అలవాటుంది. పేజీలో మొదటి వరుస మాత్రం నిండుగా రాస్తాడు. కింద ముప్పై వరుసలకూ, పైదే అన్న గుర్తుగా, డిటో అని రెండు చిన్న గీతలు పెట్టుకుంటూ పోతాడు. ఒకటో తారీఖున కొత్త పేజీ తిప్పి, అలవాటులో మొదటి వరుసలోనే డిటో పెట్టాడు. ఆ గీతల పైన ఏమీ లేదు. అప్పుడు నాగవేణి నాలుగో లేను మధ్యలో ఉంది. ఐదడుగుల మీంచి పలకల మీద పడింది. వన్నూరప్ప ఆ చివర చీపురుతో ఉన్నాడు. పరిగెత్తుకొచ్చేసరికి ఆమె మోచెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది.

కట్టు కట్టించాక అతను రిజిస్టరు గదికి వెళ్ళాడు.

"పైన చూసుకోవాల గదప్పా" అన్నాడు తిప్పేరుద్ర.

"పైన ఏముండాది సార్?"

"పాత పేజీలో ఉండాది, ఐదడుగులు."

"అంటే నా బిడ్డ పేజీలు తిప్పుకుంటా ఈదల్లా?"

నివేదికలో మాత్రం, క్రీడాకారిణి నీటిమట్టాన్ని సరిచూసుకోకుండా ఈదడం వల్ల ప్రమాదం జరిగిందని రాశారు. మూడు నెలలు కట్టు ఉంది. ఆ మూడు నెలలూ వన్నూరప్ప రోజూ పొద్దున గదికి వెళ్ళి, ఆ రోజు వరుస చదివి, లోతు గడిని వేలితో తడిమి వచ్చేవాడు. కట్టు విప్పాక కూడా ఆ పని మానలేదు.

పదిహేడో ఏట జాతీయ పోటీలకు నాగవేణి పేరు పరిశీలనకు వచ్చింది. సాధన చేసిన కొలను సరైనదేనని ధ్రువీకరణ కావాలి. పద్మనాభయ్య అనే తనిఖీ అధికారి వచ్చాడు. బూట్లతోనే కొలనులోకి దిగి, ఆ కొసదాకా నడిచి, పొడి బూట్లతో పైకొచ్చాడు. గంటసేపు రిజిస్టరు చదివాడు.

"నీళ్ళు బాగున్నాయి. కానీ బయటికి పోయిన నీళ్ళ గడి ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉంది. ఎనిమిదేళ్ళు మార్చని నీళ్ళు మురుగు కింద లెక్క. మురుగులో సాధన చేసి తెచ్చుకున్న పతకాలు చెల్లవు. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో శుక్రవారంలోగా చూపించండి" అన్నాడు.

తిప్పేరుద్ర ఆ సాయంత్రం మొదటిసారిగా వన్నూరప్ప ఇంటికి వచ్చాడు.

"నీ చేను గోడ పక్కనే ఉండాది. పల్లంగా కూడా ఉండాది. నీళ్ళు దాన్లేకి పోతాండాయని ఒక సంతకం చెయ్యి, చాలు. పేపర్లోనే గదప్పా."

"నా బిడ్డ పేపర్లో నీళ్ళ మీదనే ఈదింది సార్. పేపర్లోనే అంటే ఏమో నాకు నువ్వు చెప్పల్సిన పని లేదు."

నాగవేణి వాకిట్లో కూర్చుని వింటోంది. "వద్దు నాయనా. పతకాలు వాళ్ళకే ఇచ్చేద్దాం. చేన్లో బుడ్డలు పీకను ఇంక పది దినాలే ఉండాది."

"బుడ్డలు మళ్ళా ఏడాది ఎవురి చేన్లోనన్నా మొలుస్తాయి. పతకం ఏ చేన్లో మొలుస్తాదమ్మా?"

ఆమె ఇంకేదో అనబోయింది. అతను చొక్కా వేసుకుని తిప్పేరుద్ర వెంట గదికి నడిచాడు. సంతకం చేసే ముందు రిజిస్టరు తనవైపు తిప్పుకుని చూశాడు. ఆ గడిలో తిప్పేరుద్ర అప్పటికే చిన్నగా రెండు గీతలు పెట్టి ఉన్నాడు.

"డిటో వద్దు సార్. నిండుగా రాయి."

తిప్పేరుద్ర గీతలు కొట్టేసి, సర్వే నంబరుతో సహా విస్తీర్ణమంతా నిండుగా రాసి, చివర ముంపు అని రాశాడు. తప్పు దిద్దినట్టు పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాడు. ఇన్నేళ్ళలో వన్నూరప్ప అడిగింది అతను చేసిన సందర్భం ఇదొక్కటే.

శుక్రవారం ఆ కాగితం రెవెన్యూ ఆఫీసుకు చేరింది. క్రీడల రిజిస్టరులో నీళ్ళు పేరున్నవాళ్ళకే నీళ్ళు. రెవెన్యూ రికార్డులో నీళ్ళు అందరికీ నీళ్ళే. శనివారం పొద్దున ఎద్దులు చేను గట్టున, గెనం మీదే ఆగిపోయాయి. వన్నూరప్ప చేనులో కాలు పెట్టాడు. కాలికి తడి తగల్లేదు, నేలా తగల్లేదు. అడుగున వేరుశనగ పచ్చగా కనిపిస్తోంది. గాలి లేకపోయినా ఆకులు ఒక పక్కకు ఊగుతున్నాయి. అతనికి ఈత రాదు. రెవెన్యూ ఆఫీసులో నష్టపరిహారం అడిగితే, ఇష్టపూర్వకంగా ఇచ్చిన ముంపుకు రాదన్నారు. బ్యాంకులో పంట రుణం అడిగితే, చెరువు మీద ఇవ్వరన్నారు. రెండు చోట్లా మర్యాదగానే చెప్పారు.

జాతీయ పోటీల్లో నాగవేణి మొదటి స్థానం తెచ్చుకుంది. ఇంటికి వచ్చిన మరునాడు సంచి నడుముకు కట్టుకుని చేనులోకి దూకింది. ఒక్కో మునకకు రెండు గుప్పిళ్ళ చెట్లు పీకి పైకొచ్చి గెనం మీద పెట్టేది. కాయలు పొడిగానే ఉన్నాయి, మట్టి కూడా రాలుతోంది. వన్నూరప్ప వాటిని దులిపి ఆరబెట్టాడు.

"ఊపిరి ఎంతసేపు పడతావుమ్మా?"

"రెండు సాళ్ళు వస్తాది నాయనా."

గెనం పక్కన దారిలో పోయేవాళ్ళు నిలబడి చూశారు. వాళ్ళందరికీ అతను ఆమె టైమింగు చెప్పాడు. అడగనివాళ్ళకూ చెప్పాడు. చీకటి పడేలోపు అరబస్తా అయింది. మిగతా పంట అడుగునే ఉండిపోయింది.

బస్టాండులో అభినందన ఫ్లెక్సీ కట్టారు. అందులో తిప్పేరుద్ర బొమ్మ పెద్దది, నాగవేణి బొమ్మ చిన్నది. వన్నూరప్ప ఫ్లెక్సీ కొట్టుకు వెళ్ళి, ఆమె బొమ్మ ఒక్కటే పెట్టి ఇంకొకటి తియ్యమన్నాడు. కింద ఒక వరుస రాయాలన్నాడు.

"నీ ఫోటో గూడా పెట్టేదా అన్నా?" అన్నాడు కొట్టతను.

"వద్దప్పా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

కొట్టతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. వన్నూరప్ప నిలబడి, గర్వంగా, రిజిస్టరులో తన చేను గురించి రాసినట్టే ఒక్కో మాటా విడిగా చెప్పాడు. సర్వే నంబరు రెండు వందల పన్నెండు బార్ మూడు. మూడెకరాల పద్దెనిమిది సెంట్లు.