యలమందయ్య కొండవీటి తలుపు తెరిచిన వైనం

రోహిణీకార్తె నడినెత్తిన సింహాసనం వేసుకుని గుంటూరు సీమకు నిప్పుల గొడుగు పట్టిన వేళ. వేసవి సెలవుల పేరిట మిర్చియార్డు మూతపడి, కాటాలు మూగబోయి, హమాలీల సింహనాదాలు సద్దుమణిగి, నగరవాసుల తుమ్ములు సైతం విశ్రాంతి తీసుకుంటున్న వేళ. యార్డుకు కూతవేటు దూరంలోని ఒక డాబా ఇంటి నడవాలో, ప్రచండభానుని సాక్షిగా, మహాసంగ్రామం ఒకటి మొదలైంది. దాన్ని గానం చేయడానికి వీణ అక్కర్లేదు, కాటా చాలు. తరుగు తీయకుండా తూచి చెబితే లెక్క ఇదీ.

దర్శిజనపదసంజాతుడు, మిరపకాయ గుణగణపారంగతుడు, చిటికెడు కారం నాలుకకు తగిలించి అది ఏ ఊరి చేలో పండిందో చెప్పగల రసనాధురంధరుడు, యౌవనంలో పద్యనాటకాలు వేసి ఆ గొంతు నేటికీ దించని ఘంటానాదకంఠుడు, కమీషన్ వ్యాపారి యలమందయ్య ఈ కథకు వీరుడు. ఆయనకెదురుగా బల్ల మీద కొలువుదీరింది శత్రువు: ఉబ్బిన గాజుముఖం, మీగడరంగు వదిలి చుట్టాకు రంగుకు తిరిగిన దేహం, ఫ్లాపీలు మింగే సన్నని నోరు గల పురాతన కంప్యూటరు.

అది ఒకనాడు నరసరావుపేటలో రహమాన్ మాస్టారి కంప్యూటర్ సెంటర్లో ఉండేది. కుర్రాళ్ళకు టైపింగు అలవాటు కావాలని మాస్టారే దానిలో ‘కొండవీటి గుహ’ అని ఒక ఆట రాశాడు. ఆ ఆటలో బొమ్మల్లేవు, ఉన్నవన్నీ మాటలే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాలి. ‘ఉత్తరానికి పో’ అంటే పోతుంది, ‘కాగడా తీసుకో’ అంటే తీసుకుంటుంది. చిట్టచివర ఒక రాతితలుపు, దాని ముందొక కాపలావాడు. ఆ తలుపు తెరిచిన మొనగాడు సెంటర్లో లేడు. మాస్టారు సెంటరు మూసి ఊరు విడిచే రోజున మిషన్ని, తన దగ్గరే టైపింగు నేర్చుకున్న యలమందయ్యకు అప్పగిస్తూ, “తలుపు తీసినోడిదేరా ఇది. నువ్వు తీస్తావనే ఇస్తున్నా” అన్నాడు. తలుపు తీయలేదు కనుక, వ్యాపారధర్మం ప్రకారం, సరుకు ఇంట్లో ఉన్నా తనది కాలేదని యలమందయ్య మనసులో ముల్లు.

ఇక మధ్యలో జరిగిన పొరపాటు. కంప్యూటర్లకు వేడి పడదని ఎవరో మెకానిక్కు చెప్పగా, ఆ వీరుని బుర్రలో లెక్క మెరుపులా తిరిగింది. రంగు పోకుండా ఉండాలని మిర్చిని ఏసీకి, అంటే కోల్డు స్టోరేజీకి, ఎక్కిస్తాం కదా. ఎర్రటి సరుకును కాపాడేది తెల్లటి సరుకును కాపాడదా? వెంటనే మిషన్ని గోతంలో చుట్టి తీసుకెళ్ళి, తేజా రకం మిర్చి బస్తాల మధ్య పెట్టించి, ఏళ్ళ తరబడి నిశ్చింతగా నిద్రపోయాడు. ఈ సెలవుల్లో దించుకొచ్చి నడవా మూలన బల్ల మీద పెట్టాడు.

సరిగ్గా ఆ మూలే ఆయన ధర్మపత్ని వెంకటేశ్వరమ్మకు కావలసివచ్చింది.

“ఏమయ్యా, ఏసీ నుంచి బస్తా దించుకొస్తావనుకుంటే ఈ శవాన్ని దించుకొచ్చావా?”

“శవం కాదే. నిద్రపోతంది.”

“ఆ నిద్రేదో గౌసు బండిలో పోద్దిలే. పిలిపించా. ఆవకాయ జాడీలు నా నెత్తిన పెట్టుకోమంటావా?”

గుమ్మంలో పాతసామాన్ల గౌస్ బాషా అప్పటికే చెప్పులు విడిచి, మిషను బరువును కంటితోనే అంచనా కడుతున్నాడు.

యలమందయ్య భుజం మీది తువ్వాలు విదిలించి, గాలిని చీలుస్తూ చెయ్యెత్తాడు. “ఓసీ అవివేకినీ! గురుదేవులు నా భుజస్కంధాల మీద నమ్మకముంచి ప్రసాదించిన దివ్యయంత్రమిది! ఆ పాషాణకవాటం ఛేదించకుండానే దీనిని తూకానికి సాగనంపితినేని, ఈ మీసమునకు విలువయేమి, ఈ రోషమునకు ధరయేమి?”

“రంగేసిన మీసానికి విలువేందయ్యా?” అంది వెంకటేశ్వరమ్మ. “ఇదిగో, ఒకటే మాట. గౌసు టీ తాగేలోపు ఆ తలుపేదో తీశావా, మిషను ఇక్కడే ఉంటది. తియ్యలేదా, బండెక్కుద్ది. సరేనా?”

“సరే!”

“వదినా, టీ పెద్ద గ్లాసులో పొయ్యి. అన్నకి కాస్త టైమన్నా దొరుకుద్ది” అన్నాడు గౌస్ బాషా.

అంతట యలమందయ్య ఇష్టదైవాన్ని తలచి స్విచ్చి వేశాడు. పెట్టె వెనక పంఖా ఒకసారి మూలిగి, రెండోసారి దగ్గి, మూడోసారి గిర్రున తిరిగింది. ఏళ్ళ తరబడి తేజా బస్తాల నడుమ తపస్సు చేసి ఆ యంత్రం సంపాదించుకున్న అస్త్రం అప్పుడు బయటపడింది. పెట్టె సందుసందుల్లోంచి రక్తవర్ణధూళి ఎగిసి, సుడి తిరిగి, నడవాను కమ్మేసింది. హాచ్చని యలమందయ్య మొదటి తుమ్ము కుర్చీని వెనక్కి నెట్టింది. గౌస్ బాషా తుమ్ముకు గ్లాసులో టీ అలలెత్తింది. వంటింట్లో ఉన్న వెంకటేశ్వరమ్మ తుమ్ముకు జాడీ మూత ఎగిరి దొర్లుకుంటూ యుద్ధభూమికి వచ్చింది.

“మిషన్లో కారం ఆడించావా అన్నా?” ముక్కు చీదుతూ అడిగాడు గౌస్ బాషా.

“మంచి ఘాటుంది కదరా! ఇన్నేళ్ళయినా సరుకు చెక్కుచెదర్లేదు” అన్నాడు యలమందయ్య, కన్నీళ్ళ మధ్య గర్వంగా.

ఆట ఉన్న ఫ్లాపీ పెడితే యంత్రం గర్రుగర్రుమని, చదవలేనని తెర మీద మొరాయించింది. వెనకడుగు ఎరుగని ఆ ధీరుడు నల్లరేగడి నేలలు కన్న తెల్లబంగారాన్ని, అనగా చిటికెడు దూదిని, స్పిరిటులో ముంచి, పుల్లకు చుట్టి, ఆ సన్నని నోట్లోకి దూర్చి, రాక్షసుని కోరలు తోమే వైద్యునిలా తోమాడు. దూది ఎర్రగా బయటికొచ్చింది. మళ్ళీ పెట్టాడు. గర్రు, టక్కు, టకటక, ఒక నిట్టూర్పు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు లేతపైరులా మొలకెత్తాయి.

‘కొండవీటి గుహకు స్వాగతం. నీ దగ్గర కాగడా, తాడు, తువ్వాలు ఉన్నాయి.’

“వచ్చిందిరోయ్!” అని యలమందయ్య చేసిన సింహనాదానికి వీధిలో కుక్క లేచి చోటు మార్చుకుంది. తాడేసి లోయ దాటాడు, కాగడాతో గబ్బిలాలను తరిమాడు, దారంతా కంఠస్థం గనక రథవేగంతో రాతితలుపు చేరుకున్నాడు. కాపలావాడు ఎప్పటిలాగే అడిగాడు: ‘ధర చెప్పు.’

వందలు చెప్పాడు. వేలు చెప్పాడు. లక్ష దాకా వెళ్ళాడు. ప్రతిసారీ అదే జవాబు: ‘నలుగురిలో ధర చెప్పేవాడికి తలుపు తీయను.’

“టీ అడుగుకొచ్చింది” అంది వెంకటేశ్వరమ్మ.

ఆవేశంలో యలమందయ్య చేత్తో కన్ను తుడుచుకున్నాడు. మీటల మీదున్న కారమంతా ఆ చేతికే ఉంది! కంట్లో దావానలం రగిలింది. “అమ్మో! చచ్చాన్రోయ్!” అని గంతులేసి, నీళ్ళు కొట్టుకుని, ఇక మీటలు తగలకుండా భుజం మీది తువ్వాలు కీబోర్డు మీద కప్పి, దాని కింద వేళ్ళు దూర్చి తడుముకోసాగాడు.

గౌస్ బాషా ఆఖరి గుక్క నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. “ఏందన్నా, తువ్వాలు కింద చెయ్యెట్టి బేరమాడతన్నావ్? మిషన్ ఏ ధరకి ఒప్పుకుంది?”

యలమందయ్య వేళ్ళు బిగుసుకున్నాయి. పాతకాలం వ్యాపారులు ధర నోటితో అనేవారు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టి చెప్పుకునేవారు, పక్కవాడికి తెలియకూడదని. ఆ విద్యలో చేయి తిరిగిన తాను, యార్డులో ఏనాడూ పైకి ధర అననివాడు, ఇక్కడ మాత్రం కొత్త బేరగాడిలా పదుగురిలో వేలంపాట పాడుతున్నాడు!

“ఒరేయ్ గౌసూ, ఆ గుక్క మింగావంటే నా మీద ఒట్టే!”

గౌస్ బాషా బుగ్గలుబ్బించి, టీని నోట్లోనే ఆపుకుని నిలబడ్డాడు. యలమందయ్య గబగబా కొట్టాడు: ‘తువ్వాలు కప్పు.’

యంత్రం ఆలోచించింది. తెర వెలిగింది. ‘కాపలావాడు తువ్వాలు కింద నీ చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు వ్యాపారస్తుడివయ్యావురా అని నవ్వాడు. తలుపు తెరుచుకుంది.’

గౌస్ బాషా గుటక వేశాడు. యలమందయ్య కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

“లోపలేముందంట?” వెంకటేశ్వరమ్మ తెర మీదికి వంగింది.

‘గది ఖాళీగా ఉంది. ఇంతవరకే రాశాను. మిగతాది వచ్చే ఆదివారం రాస్తాను. మీ రహమాన్ మాస్టారు.’

ఇంత యుద్ధానికి ఇదా గిట్టుబాటు అన్నట్టు చూశాడు గౌస్ బాషా. యలమందయ్య మాత్రం మెల్లగా కిందికి దిగి, మిషను నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మొదటిసారి సొంతదారుడి చెయ్యిలా ఆనింది.

“ఖాళీ అయితే ఏందే? మాస్టారు వదిలింది నేను రాస్తా.”

“రాయి. గదంతా ఖాళీయేగా, నా జాడీలకి ఓ మూల వదిలిపెట్టి రాయి” అంది వెంకటేశ్వరమ్మ. మాట మీద నిలబడే మనిషి గనక గౌస్ బాషాను ఒట్టి బండితో, ఒక జాడీ కొత్త ఆవకాయతో సాగనంపింది. మిగతా జాడీలను మిషను చుట్టూ కోటగోడలా పేర్చింది.

జయము! జయము! పచ్చడి ప్రాకారాల నడుమ, ఒక కన్ను మూసుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఒక ఖాళీ గదికి ఏకఛత్రాధిపతియైన యలమందయ్య తన సామ్రాజ్యానికి మొదటి శాసనం ఇలా రాశాడు: ‘ఈ గదిలో మూలన ఆవకాయ జాడీలు ఉన్నాయి. తడిచేత్తో ముట్టుకుంటే ఆట అక్కడితో ముగుస్తుంది.’