మొగుడుగారి ట్రయల్ రన్

పొద్దున తొమ్మిదింటికల్లా సర్వేయరమ్మ తన మూడు చక్రాల చేతిబండి మీద, ఇంటి ముందు వాలు దిగితే వచ్చే రాళ్లగుట్ట ఎక్కి చూపించాలి. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాక ఆఫీసువాళ్లు పెట్టిన పరీక్ష అది. ఎక్కితే పాత ఉద్యోగం, లేకపోతే బల్ల దగ్గర కుర్చీ. ఇరవయ్యేళ్లు గుట్టలు కొలిచిన మనిషికి ఆ కుర్చీ తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

"ఉండు, ముందు నేను తొక్కి చూస్తా," అన్నాడు మొగుడు. ఇంట్లో మిక్సీనీ గోడగడియారాన్నీ అలా చూసే మూలపడేసిన ఘనుడు.

"తొక్కేది కాదండీ, చేతుల్తో తిప్పేది. ఆ పిడుల్తోనే నడపాలి, వాటినే పక్కకి వాల్చి మలుపు తిరగాలి. వెనక్కి తిప్పితే బ్రేకు."

"సైకిలు నాకు నేర్పిస్తావా?" అంటూ ఎక్కి, కాళ్లకు బెల్టులు కూడా బిగించుకున్నాడు.

గేటు దాటగానే బండి ఊపందుకుంది. పక్కింటాయన "ఎక్కడికండీ?" అంటే మర్యాదగా ఒక చెయ్యెత్తి గుట్టవైపు చూపించాడు. బండి మాత్రం రెండో చేతివైపు తిరిగి, ఆరేసిన దుప్పట్లలో దూరింది. ముసుగులో ముందేదో వెనకేదో తెలియక, బ్రేకనుకుని ఇంకా జోరుగా ముందుకే తిప్పాడు. దుప్పటి జారేసరికి గుట్ట కింద, పరీక్ష చూడ్డానికొచ్చిన కొత్తాఫీసరు ఎదురుగా ఉన్నాడు.

"సర్వేయరు మీరేనా?"

ఆయాసానికి తల ఊగింది. ఆఫీసరు అవునని రాసుకున్నాడు.

"కాళ్లు ఎప్పట్నించి ఇలా?"

"పుట్టినప్పట్నించీ ఇలాగేనండీ."

ఆఫీసరు కళ్లు చెమర్చాయి. "పాపం! సరే, ఎక్కండి."

ఎందుకెక్కమంటున్నాడో మొగుడికి అంతుపట్టలేదు. పెద్దమనిషి అడిగాడు కదా అని తిప్పాడు. బండి రెండు చుట్లు తిరిగి మళ్లీ ఆఫీసరు ముందుకే వచ్చింది.

"లాభం లేదు. రేపట్నించి బల్ల దగ్గర కూర్చోండి."

అప్పటికి బుర్రలో వెలిగింది. "అయ్యో! సర్వేయరు మా ఆవిడండీ! నా కాళ్లు బాగానే ఉన్నాయి, చూడండి!"

లేవబోయాడు. బెల్టులు లేవనివ్వలేదు.

"పాపం, ఇంకా ఒప్పుకోలేకపోతున్నారు," అన్నాడు ఆఫీసరు జాలిగా.

ఇంతలో కూరగాయలవాడి తోపుడుబండి మీద టమాటాల మధ్య కూర్చుని సర్వేయరమ్మ దిగబడింది. "ముందు దిగండి!" అంటూ తనే బెల్టులు లాగేసింది. మొగుడు నేలమీదికి జారాడు. ఆమె చేతులమీద బరువు మోపి తన చేతిబండిలోకి జరిగింది.

రాయి అడ్డొస్తే పిడులు పక్కకు వాల్చి, చక్రం జారితే ఆగి, వంకరటింకరగా, మెల్లగా పైకి చేరింది. చేరాక సంతోషం పట్టలేక ఏడ్చేసింది. కింద మొగుడూ ఏడ్చాడు, కాకపోతే భుజాల నొప్పికి.

ఆఫీసరు పాత కాగితం చింపేసి కొత్త ఫారం తీశాడు. ‘బయటి పనికి అన్నివిధాలా అర్హురాలు’ అని రాశాడు. ‘విధులకు ఆటంకాలేమైనా ఉంటే’ అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, ‘భర్త’ అని నింపాడు.